కర్పూరం మీద ఒట్టు

మా ఇంట్లో తాగుడు కొత్తేమీ కాదు. మా తాత తాగాడు, మా పెదనాయన తాగాడు, నన్ను కట్టుకున్నాయన కూడా సూలూరు మిల్లులో పని దిగి వచ్చేటప్పుడు అడపాదడపా పుచ్చుకునే వచ్చేవాడు. అందుకని తాగినవాడిని ఏం చెయ్యాలో మావాళ్ళకు బాగా తెలుసు. కారమడై దాటాక అరటితోటల మధ్య మా ఇలవేలుపు అమ్మవారి గుడి ఉంది. తాగినవాడి తలమీద నీళ్ళు పోసి, తడిబట్టలతో అక్కడ నిలబెడతారు. అమ్మవారి ముందు రాతిమీద కర్పూరం వెలిగించి ఒట్టు మాటలు చెప్పిస్తారు. మాటలు అయ్యాక మండుతున్న కర్పూరాన్ని వాడు అరచేత్తో కొట్టి ఆర్పాలి. ఆర్పాడంటే ఒట్టు పడినట్టే. మా తాత అట్లాగే మానాడట. మా పెదనాయన మానడం నేను కళ్ళారా చూశాను. నన్ను కట్టుకున్నాయన మానలేదు గానీ ఆయన సంగతి వేరు, ఆయనది ఆ గుడి కాదు.

ఒట్టు మాటలు పాతకాలం తెలుగులో ఉంటాయి. "కల్లు ముట్టను, సారా ముట్టను, ముడితే నా ఇంటి దీపం కొండెక్కనీ." అంతే. మేము ఈ తమిళదేశం వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు లేరు. మా పిల్లలు మాట్లాడే తెలుగులో సగం అరవమే. అయినా గుడిలో ఆ మాటలు మాత్రం మారలేదు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదని కట్టుబాటు. ఆ కట్టుబాటే మా కొంప ముంచింది.

నేను కోయంబత్తూరులో, సూలూరు పోయే రోడ్డు మీద, ఇంటి ముందు గదిలో ఇడ్లీ పిండి అమ్ముకునే మనిషిని. పొద్దున బియ్యమూ ఉద్దిపప్పూ నానబోసి, మధ్యాహ్నం గ్రైండరు వేసి, సాయంత్రం కవర్లలో పోసి అమ్ముతాను. మా ఆయన పోయాక ఇదే నా బతుకు. పిల్లలు లేరు. మా అన్నకు మదురైలో పాత్రల అంగడి. అన్న కొడుకు పన్నెండో తరగతి అయ్యాక ఇంజినీరింగు చదువుకని నా ఇంటికి వచ్చాడు. చదువయ్యాక కూడా పోలేదు, ఇక్కడే ఒక కంప్యూటరు కంపెనీలో పని దొరికింది. ఎక్కడో దూరదేశం వాళ్ళ గడియారానికి సరిపడేట్టు పని. ఊరంతా పడుకునే వేళకు వీడు బ్యాగు తగిలించుకుని బయలుదేరాలి.

కన్నతల్లి మదురైలో ఉన్నా, వాడికి అన్నం పెట్టిన చెయ్యి నాది. నేను బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు మా నాయన నేలమీద ఇసుక పోసి నేర్పాడు. తప్పులుంటే క్షమించండి. ఇది రాస్తానని వాడిని అడిగితే, "రాయత్తా, పేరు మాత్రం వెయ్యొద్దు" అన్నాడు. ఎవరి పేరూ వెయ్యలేదు.

ఒకరోజు సాయంత్రం వాడు స్నేహితుడి పెళ్ళి నుంచి బండి మీద వచ్చి, సరిగ్గా మా గేటు ముందు పడ్డాడు. పిండికి వచ్చిన ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బీరు కంపు. వాడికి మోకాలు చెక్కుకుపోయింది, నాకు మొహం చెల్లలేదు. మదురైకి ఫోను చేశాను. అన్న మర్నాడే అంగడి వదినకు అప్పజెప్పి వచ్చాడు. కొడుకును ఒక్క మాట అనలేదు. "లెయ్యి, గుడికి పోదాం" అన్నాడు, అంతే.

గుడిలో పెత్తనం వరసకు మాకు చిన్నాయన అయ్యే పెద్దాయనది. ఆయన చెప్పించాడు, వీడు చెప్పాడు, కర్పూరం కొట్టాడు. అరచేతి మధ్యలో నల్లటి మచ్చ పడింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో నా చెవి దగ్గరికి వచ్చి, "అత్తా, దీపం కొండెక్కనీ అంటే ఏంది?" అని అడిగాడు. ఆరిపోవడంరా, ఇల్లు చీకటైపోవడం అన్నాను. వాడి మొహం పాలిపోయింది. ఆ భయం చూసి నేను లోపల సంతోషపడ్డాను. భయం ఉంటే బాగుపడతాడులే అనుకున్నాను.

వాడు ఒట్టు నిలబెట్టుకున్నాడు. అందులో ఏమాత్రం అబద్ధం లేదు. అన్న నాకొక పని అప్పగించి పోయాడు: వాడు ఇంట్లోకి రాగానే నోరు వాసన చూడాలి. నేను గుమ్మంలో నిలబడి "ఊదు" అంటే వాడు "హా" అని ఊదేవాడు. టీ వాసన, అప్పుడప్పుడు చూయింగ్ గమ్. అంతే. మదురైలో మా అన్న అంగడికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకున్నాడు, మావాడు అమ్మవారి బిడ్డ, చుక్క ముట్టడని. నేను కూడా పిండికి వచ్చిన ఆడవాళ్ళకు చెప్పుకున్నాను. ఏం, నేను మాత్రం తక్కువ తిన్నానా!

కానీ ఇంట్లో మనిషి మారిపోతుంటే కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళు ఉంటాం? ఒక మధ్యాహ్నం సాంబారన్నం కలుపుతూ కలుపుతూ, చెయ్యి కంచంలో ఉండగానే వాడు నిద్రపోయాడు. లేపితే కళ్ళు తెరిచాడు. కంటిపాప ఆవగింజంత ఉంది. ముక్కు గోక్కుంటూ, "షిఫ్టు అత్తా, నిద్ర చాల్లేదు" అన్నాడు. సరే అనుకున్నాను. తర్వాత వారం అసలు నిద్రే లేదు. పట్టపగలు ఫ్యాను రెక్కలు తుడిచాడు, నా గ్రైండరు రాయి విప్పి కడిగాడు, ఎవరు అడిగినా అడక్కపోయినా గలగలా మాట్లాడాడు. ఇంకో రోజు టీవీలో సబ్బు ప్రకటన చూసి కడుపు పట్టుకుని నవ్వాడు, ఒక్కడే కూర్చుని దోసెలన్నీ తిన్నాడు. ఆ మర్నాడు పలకరిస్తే కస్సుమన్నాడు. ఒక్కోరోజు ఒక్కో మనిషి. ఇంతమందికి వండి పెట్టడం నా వల్ల కాదురా దేవుడా అనిపించేది.

బట్టలు నానబెట్టే ముందు జేబులు తడమడం నా అలవాటు. ఆ రోజు ప్యాంటు జేబులో మాత్రల అట్టలు చేతికి తగిలాయి. ఒకే రకం కాదు. గ్రైండరు మూత మీద వరసగా పెట్టి వాడిని పిలిచాను.

"ఇది ఏందిరా?"

"ఒళ్ళునొప్పులకు అత్తా."

"ఇది?"

"నిద్రకు."

"మరి ఇది?"

వాడు నేల చూపులు చూశాడు. "నిద్ర రాకుండా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నిద్రకొకటి, నిద్ర రాకుండా ఒకటా? నీది తలకాయా, స్విచ్చుబోర్డా?"

వాడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. మీసాలు వచ్చిన పిల్లాడు పిండి గదిలో నేలమీద కూలబడి ఏడుస్తుంటే నా కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

"ఒకటి లేపుతాది, ఒకటి దించుతాది అత్తా" అన్నాడు. "పనికి పోవాలంటే లేపేది కావాల. ఇంటికొస్తే అది దిగదు, నిద్ర రాదు. అప్పురం, దాని తర్వాత, దించేది. అది ఎక్కువైతే సాయంత్రం లెయ్యలేను, మళ్ళా లేపేది. శని ఆదివారాలు ఫ్రెండ్స్‌తో గంజా. అది సుమ్మా, ఊరికే, అందరూ చేసేదే. ఒకటే అయితే నేనెప్పుడో మానేసుందును. ఒకదాన్ని మానితే ఇంకోటి ఎక్కువ కావాల."

"అమ్మవారి దగ్గర ఒట్టేసినావు కదరా, దరిద్రుడా!"

వాడు తల ఎత్తి చూశాడు. అబద్ధం చెప్పేవాడి చూపు కాదు అది. "ఒట్టు తప్పలేదే అత్తా. అమ్మ సాక్షిగా చుక్క ముట్టలేదు. ముందు నాకు బీరు ఒకటే చాలేది, ఎప్పుడన్నా ఒక మాత్ర. ఒట్టు పెట్టినాక అది ముట్టకూడదు గదా. అందరూ తాగతా ఉంటే నేను సుమ్మా ఎట్ల కూర్చునేది? ఇంకొకటి కావాల్సొచ్చె. వాసన రానిది."

వాసన రానిది! నేను రోజూ గుమ్మంలో నిలబడి ముక్కు పెట్టి చూసింది ఆ ముందు తలుపు ఒక్కటే. దానికి గొళ్ళెం పెట్టుకుని, పెరటి తలుపు బార్లా తెరిచి, మావాడు దొడ్డవాడని ఊరంతా చాటుకుంటూ కూర్చున్నాం మేము. మా తాతలకు ఉన్నది ఒక్క తాగుడు. ఆ ఒక్కదానికే మాటలు కట్టి పెట్టి పోయారు. వాళ్ళనేం అనగలం? మాకైనా బుద్ధి ఉండొద్దూ?

మర్నాడే వాడిని తీసుకుని ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పోయాను. ఆయన నన్ను బయట కూర్చోబెట్టి వాడితో చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నన్నూ లోపలికి పిలిచి, వాడి వైపు తిరిగి, ఇవి నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకూడదు, మేము చూస్తూ కొంచెం కొంచెంగా దించాలి, వేటినీ కలిపి వేసుకోకూడదు, కలిపితే ఊపిరి ఆగిపోతుంది, ఏం వేసుకున్నా దాచకుండా చెప్పాలి అన్నాడు. వాడు బుద్ధిగా తల ఊపాడు. రెండోసారి రమ్మంటే షిఫ్టు ఉందన్నాడు. ఆ తర్వాత మళ్ళీ షిఫ్టే. నేను బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనన్నాను, పెట్టాను. గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలేది. నాయనకు చెబుతానంటే మాత్రం కాళ్ళమీద పడేవాడు. "వద్దత్తా, నాయన ఊరంతా చెప్పుకునుండాడు. తెలిస్తే గుండె ఆగిపోతాది." తల ప్రాణం తోకకు వచ్చింది నాకు.

అట్లాంటి రోజుల్లో అన్న ఫోను చేశాడు. పెళ్ళి సంబంధం. పిల్ల తరపువాళ్ళది మా ఊళ్ళోనే, మోటార్ల కంపెనీ ఉన్నవాళ్ళు, మంచి ఇల్లు. ఆదివారం మా ఇల్లు చూడటానికి వస్తారట. "మనోడు చుక్క ముట్టడు, కర్పూరం కొట్టినోడు అని చెప్తే వాళ్ళు అక్కడే సరి అనేసినారు, తెలుసునా?" అని మురిసిపోయాడు. వాడి ఇంజినీరింగు పట్టా కంటే ఆ ఒట్టే పెద్ద పట్టా అయిపోయింది.

"ఇప్పుడు వద్దన్నా. వాడికి ఒళ్ళు బాగలేదు" అన్నాను.

"పెండ్లయితే ఒళ్ళు బాగవుతాదిలే" అన్నాడు.

ఆ శనివారం రాత్రి కూడా షిఫ్టు పడింది, ఆదివారం తెల్లవారి వాడు పని నుంచి వచ్చాడు. అన్నా వదినా అంతకు ముందే వచ్చి ఉన్నారు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "కొంచం పడుకుని లేస్తా. వాళ్ళొచ్చేలోపు లేపు అత్తా" అని గదిలోకి పోయాడు. వదిన వంటింట్లో కేసరి కలుపుతోంది. అన్న వాకిట్లో కుర్చీలు సర్దుతున్నాడు, ఒకే రకం కుర్చీలు కావాలని పక్కింటి నుంచి తెప్పించాడు. పొద్దెక్కాక నేను వాడిని లేపడానికి పోయాను.

వాడు గురక పెడుతున్నాడు. కాదు, అది గురక కాదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక శబ్దం, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒక శబ్దం. పెదవులు నేరేడుపండు రంగు. చెంపమీద కొట్టాను, నీళ్ళు చల్లాను. కదల్లేదు. "ఎందుకే కొడతా ఉండావు, అలిసిపోయి పడుకున్నాడు గదా, పావం" అంటూ వదిన గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఆమెకేం తెలుసు? నాకు తెలుసు. దిండు కింద చెయ్యి పెట్టి దొరికిన అట్టలన్నీ కొంగులో మూటకట్టుకున్నాను. పక్కింటివాళ్ళ కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం.

అక్కడ డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. వాడి కనురెప్పలు ఎత్తి చూసి, అరవంలో అడిగింది, ఏం తీసుకున్నాడు అని.

"ఏమీ లేదమ్మా. తాగే అలవాటే లేదు" అన్నాడు అన్న, అరవంలోనే.

"తాగుడు గురించి అడగలేదు. మాత్రలేమైనా? నిద్రమాత్ర, నొప్పిమాత్ర, ఇంకేదైనా? ఏవి కలిశాయో తెలిస్తే నాకు పని సులువు. త్వరగా చెప్పండి."

"లేదంటే లేదు. మావాడు గుడిలో ఒట్టేసినవాడు."

నేను నోరు తెరిచాను. అన్న చటుక్కున నా వైపు తిరిగాడు. ఇప్పుడు తెలుగులో అన్నాడు. "నువ్వు నోరు ముయ్యి. కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడతాది. ఆ పిల్ల తరపోళ్ళు ఇంటికి వచ్చే వేళయింది. తెలిస్తే కులంలో తలెత్తగలమా?"

ఇది మావాళ్ళందరికీ ఉన్న అలవాటే. అంగట్లో, బస్సులో, ఆసుపత్రిలో, నలుగురిలో ఏదైనా దాచవలసి వస్తే తెలుగులోకి దూరతాం. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాదని ధైర్యం. చిన్నప్పటి నుంచి మాకు అదొక గోడ. పెళ్ళి బేరాలూ, చుట్టాల మీద చాడీలూ, ఇంటి గుట్టూ అన్నీ ఆ గోడ వెనకే. మా నాయన నాకు ఇసుకలో దిద్దించిన భాష అది, నాకు ప్రాణం. ఆ గోడ వెనక నిలబడి మా అన్న నన్ను నోరు మూసుకోమన్నాడు. మంచం మీద వాడు ఒక ఊపిరి తీశాడు. ఇంకోటి ఎప్పుడు తీస్తాడో తెలియదు.

 నేను డాక్టరమ్మ వైపు తిరిగి అరవంలో, వార్డంతా వినేట్టు చెప్పాను. నొప్పిమాత్రలు వేసుకుంటాడమ్మా. నిద్రమాత్రలు వేసుకుంటాడు. నిద్ర రాకుండా ఉండటానికి ఇంకొకటి వేసుకుంటాడు. గంజా తాగుతాడు. పొద్దున పని నుంచి వచ్చాక ఏవేవో కలిపి వేసుకున్నాడు, ఇవిగో. కొంగు విప్పి అట్టలన్నీ ఆమె ముందు పోశాను.

పక్క మంచాల దగ్గరివాళ్ళు మా వైపు తిరిగారు. మా వీధిలో నా దగ్గర పిండి కొనే ఆమె కూడా అక్కడే ఉంది, తర్వాత తెలిసింది. డాక్టరమ్మ ఎవరినీ చూడలేదు. అట్టలు చకచకా తిప్పి చూసింది, నర్సుకు ఏదో చెప్పింది, మమ్మల్ని బయటికి నెట్టి తెర లాగేసింది.

బయట అన్న నాకు దూరంగా పోయి నిలబడ్డాడు. వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. కేసరి గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అంది. కొన్నాళ్ళుగా అన్నాను. నన్ను కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆమె నా చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చుంది. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, సూది మందు ఇచ్చాము, ఊపిరి దారిలో పడింది, కానీ ఇంకా గండం గడవలేదు అంది. మూడు పూటలు గడిచాక వాడు కళ్ళు తెరిచి, "వాళ్ళొచ్చినారా?" అని అడిగాడు. పెళ్ళివాళ్ళ గురించి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

వాళ్ళు వచ్చారు, తాళం చూసి పోయారు. సంగతి మర్నాటికల్లా వాళ్ళ చెవిన పడింది. మంచిదే అయింది. ఆ పిల్లైనా బతికిపోయింది.

వాడు ఆసుపత్రి నుంచి ఆ పాత మానసిక వైద్యుడి వార్డుకు పోయి, కొన్ని వారాలకు ఇంటికి వచ్చాడు. సగమైపోయాడు. నేను కాస్త ఊపిరి తీసుకుందామనుకునేలోపు అన్న మదురై నుంచి మళ్ళీ దిగాడు. వాకిట్లోనే నిలబడి, "ఒట్టు సరిగ్గా పడలేదు. అందుకే ఇట్లయింది. ఈసారి అన్నీ చెప్పించి పెట్టిద్దాం" అన్నాడు. నాకు వాదించే ఓపిక లేదు. సరే పదండి అన్నాను.

గుడి దగ్గర చిన్నాయన మొదట ఒప్పుకోలేదు. "మాటలు కలిపేదానికి లేదప్పా. పెద్దలు పెట్టినవి" అన్నాడు. అన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "పెద్దల కాలంలో ఇవన్నీ యాడ ఉండె చిన్నాయనా? నాకుండేది ఒకే కొడుకు." పెద్దాయన అమ్మవారి వైపు కాసేపు చూసి, సరే, తప్పు నా నెత్తిన పడనీ అని కర్పూరం బిళ్ళ రాతిమీద పెట్టి వెలిగించాడు.

వాడు తడిపంచెతో వణుకుతూ నిలబడ్డాడు. "కల్లు ముట్టను, సారా ముట్టను" అయింది. తర్వాత అన్న, "ఊఁ, చెప్పు. ఒక్కొక్కటీ చెప్పు" అన్నాడు.

"నొప్పిమాత్ర ముట్టను. నిద్రమాత్ర ముట్టను. మేలుకునే మాత్ర ముట్టను. గంజా ముట్టను. దగ్గుమందు ముట్టను." అక్కడి దాకా మేము విన్న పేర్లే. ఆ తర్వాత వాడు చెప్పిన పేర్లు నేను ఎన్నడూ వినలేదు. కొన్ని ఇంగ్లీషు పేర్లు, కొన్ని వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేర్లు. ఒక్కొక్క పేరుకూ ఆగి, గుర్తుచేసుకుని, 'ముట్టను' అని కలుపుతున్నాడు. దొంగతనం లేదు, దాపరికం లేదు, చిన్నప్పుడు సెలవులకు వచ్చి నాకు ఎక్కాలు అప్పజెప్పినట్టే చెబుతున్నాడు. అన్న మొహం ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క మెట్టు దిగిపోతోంది.

వాడు చెప్పడం అవకముందే కర్పూరం తనంతట తానే ఆరిపోయింది.

వాడు కొట్టడానికి ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. చిన్నాయన ఇంకో బిళ్ళ పెట్టి వెలిగించాడు. "మొదటి నుంచి చెప్పాలనా?" అని వాడు అడిగాడు. మొదటి నుంచే చెప్పాడు. ఈసారి తొందరగా చెప్పాడు. అయినా అదీ ఆరిపోయింది. రాతిమీద నల్లటి మసి తప్ప ఏమీ మిగల్లేదు.

"అయినాయా?" అన్నాడు అన్న. 

"లేదు నాయనా. ఇంకా ఉండాయి." వాడు చెయ్యి దించాడు. "ఇవన్నీ ఒట్టేసి మానినా రేపు ఏదో ఒకటి వస్తాది. దాని పేరు నాకే తెలీదు. నేనెట్ల చెప్పేది?"

చిన్నాయన మూడో బిళ్ళ వేళ్ళ మధ్య పట్టుకుని అన్న వైపు చూశాడు. మా అన్న మదురైలో నలుగురికి చెప్పి చేయించే మనిషి, ఎన్నడూ తల వంచి ఎరగడు. అట్లాంటివాడు గుడి ముందు అరుగు మీద మెల్లగా కూలబడ్డాడు.

"వద్దు చిన్నాయనా. వెలిగించొద్దు" అన్నాడు. తర్వాత పక్కన చోటు తుడిచి కొడుకును పిలిచాడు. "రా, కూర్చో. ఒట్టు వద్దు, ఏమీ వద్దు. ఇంకా ఏమేమి ఉండాయో చెప్పు. వింటా."

వాడు కూర్చుని చెప్పాడు. తడిపంచె ఒంటిమీదే ఆరిపోయేదాకా చెప్పాడు. మొదట ఎవరిచ్చారు, ఏది వేసుకుంటే ఏమవుతుంది, దేనికి భయపడి దేన్ని వేసుకున్నాడు, అన్నీ. వింటుంటే వాడిని లాగి చెంపమీద ఒక్కటి ఇవ్వాలని నాకు ఎన్నిసార్లు అనిపించిందో! అన్న మాత్రం కేకలు వెయ్యలేదు. మధ్యలో ఒకసారి, "మరి నాకెందుకు చెప్పలేదు రా?" అన్నాడు. "నువ్వు వాసన ఒకటే అడిగినావు నాయనా" అన్నాడు వాడు.

ఇప్పుడు వాడు ఆ షిఫ్టు పని మానేశాడు. పగటి పని ఇంకా దొరకలేదు, నాకు పిండి కవర్లు అంగళ్ళకు చేరవేస్తున్నాడు. డాక్టరు దగ్గరికి పోతున్నాడు. బాగుపడ్డాడా అని చుట్టాలు అడుగుతారు. ఏం చెప్పను? కొన్నాళ్ళు బాగుంటాడు. ఉన్నట్టుండి ఒకరోజు కంటిపాప మళ్ళీ ఆవగింజ అవుతుంది. మళ్ళీ మొదటి నుంచి. నేను అలిసిపోయాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు గనక ఇక్కడ రాస్తున్నాను. పిండి అయితే మూత పెట్టి ఉంచితే తెల్లారేసరికి దానంతట అదే పొంగుతుంది, నా ఓపిక అట్లా పొంగదు. గుమ్మంలో నిలబడి వాసన చూడటం మాత్రం మానేశాను.

దానికి బదులు మా అన్న రోజూ పొద్దున అంగడి తెరిచే ముందు ఫోను చేస్తాడు. అడిగేది ఒక్కటే, ఏమన్నా వేసుకున్నావా అని. ఏం చెప్పినా తిట్టకూడదని వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. మా అన్న నోటికి అది ఎంత కష్టమో నాకు తెలుసు, నాది ఆ నోరే.

మొన్న పొద్దున నేను పప్పు కడుగుతున్నాను. వాడు గడప మీద కూర్చుని ఫోను స్పీకరులో పెట్టాడు. అవతల మదురై వీధి చప్పుడు, అంగడి తాళాల గలగల.

"ఏమప్పా, నిన్న ఏమన్నా వేసుకున్నావా?"

 నేను పప్పు కడగడం ఆపాను.

"వేసుకున్నా నాయనా."

అవతల తాళాల చప్పుడు ఆగిపోయింది. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"డాక్టరుకు చెప్పినావా?"

"ఈపొద్దు పోయి చెప్తా."

"సరి" అన్నాడు మా అన్న.  "తిన్నావా?"

వాడు నా వైపు చూశాడు. ఇంకా తినలేదు. నేను చేతులు కడుక్కుని పొయ్యిమీద పెనం పెట్టాను.